ఎవరూ ఎన్నుకోని సంఘాలు ఈయూకి ప్రజామోదం తెచ్చిపెట్టగలవా?

సందేహాల సంచి (ప్రశ్న):

లిస్బన్ ఒప్పందం 2009 డిసెంబరు 1న అమల్లోకి వచ్చాక యూరోపియన్ యూనియన్ (ఈయూ) మూల ఒప్పందంలో రెండు అధికరణాలు పక్కపక్కన చేరాయి. పదోది, యూనియన్ నడిచేది ప్రాతినిధ్య ప్రజాస్వామ్యం మీద అంటుంది. జనానికి పార్లమెంటులో నేరుగా, మంత్రుల మండలిలో తమ తమ ప్రభుత్వాల ద్వారా ప్రాతినిధ్యం ఉంటుందన్నమాట. పదకొండోది, ఈయూ సంస్థలు పౌర సమాజంతోనూ ప్రాతినిధ్య సంఘాలతోనూ బాహాటంగా, క్రమం తప్పకుండా మాట్లాడుతూ ఉండాలంటుంది.

నా చిక్కు ఇక్కడే. ఓట్లతో గెలిచినవాళ్లు ఉండగా, ఎవరూ ఓటెయ్యని సంఘాలకు ఆ కుర్చీ ఎందుకు? యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో పోలింగ్ 1979లో దాదాపు 62 శాతం. 2014 నాటికి 42.6కి పడిపోయింది. 2024లో 50.7 దగ్గర ఆగింది. ఈ లోటు కప్పిపుచ్చడానికే సంఘాల్ని పిలిచి కూర్చోబెట్టారని కొందరంటారు. ఆ సంఘాల్లో చాలావాటికి, చట్టాలు ప్రతిపాదించే ఈయూ కార్యనిర్వాహక సంస్థ అయిన కమిషనే డబ్బిస్తుంది కాబట్టి, ఇదంతా తన పెళ్లికి తానే మేళం కట్టించుకోవడమని ఇంకొందరు.

సిద్ధాంతం కొంత చదివాను, దాంతో ఆకలి తీరలేదు. ఏ దశలో సంఘం మాటకు బరువుంటుంది, ఎక్కడ అది ఉత్త తంతు, గడువులెంత, ఎక్కడ బెడిసికొడుతుంది? ఈ వివరాలు తెలిసినవాళ్లు చెప్పగలరా?

పక్కగీత:

ముందు మాట దగ్గరే ఓ తిరకాసుంది. లెజిటిమసీని తెలుగులో "చట్టబద్ధత" అనేస్తుంటారు. ఈయూ చేసే పనులు చట్టబద్ధమే, అందులో పెద్ద వివాదం లేదు. వివాదమల్లా "నాకు నచ్చని నిర్ణయానికి కూడా నేనెందుకు తలొగ్గాలి?" అన్నదాని మీద. మీరు వాడిన "ప్రజామోదం" కొంత నయం, కానీ దాన్ని మళ్లీ పాపులారిటీ అనుకోకూడదు.

ఫ్రిట్జ్ షార్ఫ్ అనే జర్మన్ పండితుడు దీన్ని రెండుగా విడగొట్టాడు. జనం మాట లోపలికి వెళ్లడం వల్ల వచ్చే ఆమోదం ఒకటి, ఫలితం బాగుండటం వల్ల వచ్చేది రెండోది. తర్వాత వివియన్ ష్మిట్ మూడోది చేర్చింది: లోపల పని ఎలా నడిచిందన్నది. తలుపులు తెరిచి చేశారా, కారణాలు చెప్పారా, అడిగినవాడికి బదులిచ్చారా అని. సంఘాల్ని మొదటి గదిలో కూర్చోబెడితే మీ ప్రశ్నకు జవాబే ఉండదు. నిజమే, వాళ్లనెవరూ ఎన్నుకోలేదు. వాళ్ల చోటు మూడో గదిలో. అధికారం చేతిలో ఉన్నవాడి నుంచి రాతపూర్వకంగా, గడువులోపల, కోర్టులో ప్రశ్నించదగ్గ జవాబు రాబట్టడం వాళ్ల పని. ఆ జవాబు ఇవ్వాల్సిన బాధ్యత ఎక్కడ ఉందో అక్కడ సంఘాలు పనికొస్తాయి. లేనిచోట ఫొటోలకు పనికొస్తాయి.

ఇక కమిషన్ నడిపే ప్రజాభిప్రాయ సేకరణ. 2002లో పెట్టుకున్న నియమం ప్రకారం కనీసం 8 వారాలు. ఇప్పుడది 12 వారాలు. దానికి ముందు, ఫలానా విషయంలో ఏదో చెయ్యబోతున్నామంటూ ఆధారాలు పంపమని అడిగే 4 వారాల దశ ఉంటుంది. రెంటినీ కలిపి ఒకేసారి తెరిచే సందర్భాలూ ఉన్నాయి. ప్రతిపాదన బయటికొచ్చాక వ్యాఖ్యలకు మరో 8 వారాలు. కొత్త సంఘాలు తమ శక్తంతా ఈ చివరి 8 వారాల మీద పెడతాయి, ఎందుకంటే అప్పటికి ముసాయిదా కంటి ముందుంటుంది, తిట్టడానికి వీలుంటుంది. అప్పటికి అన్నం ఉడికిపోయింది. కమిషన్ లోపల శాఖలన్నీ ఒప్పందానికి వచ్చేసి ఉంటాయి, ఒక్క వాక్యం కదిలించినా మళ్లీ అందరూ సంతకం పెట్టాలి.

పని జరిగేది మొదటి 4 వారాల్లోనే. అప్పటికి సమస్యకు నిర్వచనం, పరిశీలించాల్సిన మార్గాల జాబితా ఇంకా గట్టిపడవు. "మీ జాబితాలో ఈ మూడో మార్గం లేదు, దాని ఖర్చు ఇంత, లెక్క ఇదిగో" అని నాలుగు పేజీలు పంపితే దాన్ని పక్కన పడెయ్యడం కష్టం. కారణం, ప్రతిపాదన వల్ల ఏమవుతుందో కమిషన్ ముందే లెక్కగట్టే ప్రభావ అంచనా నివేదికను, కమిషన్‌లోనే ఉన్న నియంత్రణ పరిశీలన బోర్డు తనిఖీ చేస్తుంది. అందుబాటులో ఉన్న మార్గాన్ని ఎందుకు చూడలేదని బోర్డు అడిగితే నివేదిక వెనక్కి వస్తుంది. ఆవేశంతో రాసిన 40 పేజీలకన్నా అంకెలతో ఉన్న నాలుగు పేజీలకు అందుకే విలువ.

తలలు లెక్కపెట్టే పద్ధతి మాత్రం ప్రతిసారీ బెడిసికొట్టింది. 2014లో అమెరికాతో వాణిజ్య ఒప్పందం చర్చలప్పుడు పెట్టుబడిదారుల వివాదాల సెక్షన్ (విదేశీ కంపెనీలు ప్రభుత్వాల మీద మధ్యవర్తుల దగ్గర కేసు వేసే పద్ధతి) మీద అభిప్రాయాలు అడిగితే దాదాపు 1,50,000 జవాబులొచ్చాయి. అందులో 97 శాతం, సంఘాల వెబ్‌సైట్లలో ముందే నింపిపెట్టిన జవాబులు. కమిషన్ వాటిని ఒక కట్టగా కట్టి పక్కన పెట్టగలిగింది. అయినా ఆ గోల ఊరికే పోలేదు. 2015లో కమిషన్ పాత మధ్యవర్తిత్వ పద్ధతి వదిలి, పెట్టుబడుల కోర్టు అనే ప్రతిపాదనకు మారింది. అంటే అభిప్రాయ సేకరణగా విఫలమైనా రాజకీయ ఒత్తిడిగా పనిచేసింది. ఈ రెండూ వేర్వేరు సంగతులని చాలామంది మర్చిపోతారు.

2018లో గడియారాల సంగతి దీనికి తిరగేత. ఏడాదికి రెండుసార్లు గంట ముందుకీ వెనక్కీ తిప్పడం ఆపాలా అని అడిగితే 46 లక్షల జవాబులు, ఆపమన్నవి 84 శాతం. వినడానికి బ్రహ్మాండం. కానీ అందులో 30 లక్షల పైచిలుకు ఒక్క జర్మనీ నుంచే. 2019 మార్చిలో పార్లమెంటు సరేనంది. మంత్రుల మండలి మాత్రం ఇప్పటికీ ఒక వైఖరికి రాలేదు. ఆపితే ఏ దేశం ఎండాకాలపు టైంలో ఉండాలి, ఏది చలికాలపు టైంలో ఉండాలి అన్న అసలు ప్రశ్న ఆ ప్రశ్నపత్రంలో సరిగ్గా తేలలేదు మరి.

సంతకాల లెక్క:

పక్కగీత గారు చెప్పిన "జవాబిచ్చే బాధ్యత" అన్న గీటురాయి మీద పౌరుల చొరవ అనే పద్ధతిని గీసి చూద్దాం. పదకొండో అధికరణం నాలుగో పేరా ఇది. 10 లక్షల మంది పౌరులు కలిసి ఫలానా చట్టం ప్రతిపాదించమని కమిషన్‌ను అడగొచ్చు. 2012 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. నిబంధనలు మార్చి 2020 జనవరి నుంచి కొత్తవి తెచ్చారు.

ఏడు వేర్వేరు సభ్యదేశాల్లో నివసించే ఏడుగురు నిర్వాహకులు కావాలి. శీర్షికకు 100 అక్షరాలు, ఉద్దేశానికి 1,100 అక్షరాలు, అంతే. కమిషన్ అధికార పరిధికి స్పష్టంగా బయట ఉంటే నమోదు చెయ్యరు. నమోదయ్యాక ఆరు నెలల్లోపు ఏదో ఒక తేదీ ఎంచుకుని అక్కణ్నుంచి 12 నెలలు సంతకాలు పోగెయ్యాలి. మొత్తం 10 లక్షలు, పైగా కనీసం ఏడు దేశాల్లో ఒక్కోదానికి నిర్ణయించిన కనీస సంఖ్య దాటాలి. ఆ సంఖ్య, యూరోపియన్ పార్లమెంటులో ఆ దేశానికున్న ఎంపీల సంఖ్యను ఆ పార్లమెంటు మొత్తం సీట్లతో గుణిస్తే వస్తుంది. జర్మనీకి 96 ఇంటూ 720, అంటే 69,120. మాల్టాకు 6 ఇంటూ 720, అంటే 4,320.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కనీస సంఖ్య దాటని దేశపు సంతకాలు వృథా అనుకుంటారు. కాదు, అవి కూడా 10 లక్షల్లో కలుస్తాయి. ఏడు దేశాల షరతుకు మాత్రమే పనికిరావు. ఇది తెలియక కొందరు చిన్న దేశాల్లో ప్రచారం మధ్యలోనే ఆపేస్తారు.

నిజంగా నీరుగార్చేది ఫారం. ఎవరు ఏ వివరాలివ్వాలన్నది దేశాన్నిబట్టి మారుతుంది. జర్మనీవాళ్లకు పేరు, చిరునామా, పుట్టినతేదీ చాలు. ఇటలీ, స్పెయిన్ వాళ్లు గుర్తింపు కార్డు నంబరో పాస్‌పోర్టు నంబరో ఇవ్వాలి. రోడ్డు మీద నిలబెట్టి కార్డు నంబరు అడిగితే సగంమంది చేతులూపి వెళ్లిపోతారు. ఆ తర్వాత ప్రతి దేశపు అధికారులూ మూడు నెలల్లో సరిచూస్తారు. చెల్లనివి తీసేస్తారు. అందుకే సరిగ్గా 10 లక్షల దగ్గర ఆగడం ఆత్మహత్యే. లక్ష, లక్షన్నర అదనంగా ఉంటేగానీ నిద్ర పట్టదు. ఆన్‌లైన్ సేకరణకు కమిషనే ఉచితంగా వ్యవస్థ ఇస్తోంది కాబట్టి సర్వర్ల ఖర్చు బాధ తగ్గింది. 500 యూరోలు దాటి ఎవరు సాయం చేసినా వివరం బయటపెట్టాలి.

ఇంత చేసి సమర్పిస్తే దక్కేవి మూడు: నెలలోపు కమిషన్‌తో సమావేశం, మూడు నెలల్లోపు పార్లమెంటులో బహిరంగ విచారణ, ఆరు నెలల్లోపు రాతపూర్వక జవాబు. జవాబు మాత్రమే, చట్టం కాదు. మానవ పిండాల (ఎంబ్రియోల) మీద పరిశోధనకు ఈయూ నిధులు ఆపాలని 2014లో వచ్చిన చొరవను కమిషన్ తిరస్కరించింది. నిర్వాహకులు కోర్టుకెళ్లారు. 10 లక్షల సంతకాలున్నా ప్రతిపాదన తేవడమా మానడమా అన్నది కమిషన్ ఇష్టమేనని 2019 డిసెంబరులో యూరోపియన్ న్యాయస్థానం తేల్చేసింది. కారణాలు చెప్పాలి, అంతవరకే.

మాటిచ్చినా గ్యారంటీ లేదు. పంజరాల్లో పశుపోషణ ఆపాలన్న చొరవకు దాదాపు 14 లక్షల సంతకాలొచ్చాయి. 2023 చివరికల్లా చట్ట ప్రతిపాదన తెస్తామని 2021 జూన్‌లో కమిషన్ ప్రకటించింది. ఆ గడువు ప్రతిపాదన లేకుండానే దాటిపోయింది.

మరి పూర్తిగా దండగా? నీటి హక్కు చొరవ చూడండి. పది లక్షల గీత దాటిన మొదటిది అదే. దాదాపు 16.6 లక్షల చెల్లిన సంతకాలు, సింహభాగం జర్మనీవే. 2013 డిసెంబరులో సమర్పించారు, కానీ అసలు దెబ్బ అంతకు ముందే తగిలింది. ప్రజాసేవల్ని కాంట్రాక్టుకు అప్పగించడం (కన్సెషన్లు) గురించిన ఈయూ ఆదేశం (డైరెక్టివ్) నుంచి నీటి సరఫరాను తీసేస్తున్నట్టు ఆ ఏడాది జూన్‌లోనే కమిషన్ ప్రకటించింది, అంటే సంతకాలు ఇంకా సేకరిస్తుండగానే. తర్వాత 2020 తాగునీటి ఆదేశంలో అందరికీ నీరందించే బాధ్యత గురించి ఒక అధికరణం చేరింది. అధికారిక జవాబు కన్నా, అదే సమయంలో వేరే గదిలో నడుస్తున్న ఫైలు మీద పడ్డ ప్రభావం పెద్దది. చొరవ మొదలుపెట్టేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే: మన విషయం మీద ఇప్పటికే కదులుతున్న ఫైలేదైనా ఉందా? లేకపోతే ఏడాది కష్టం ఒక ఉత్తరంతో ముగుస్తుంది.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. అమెరికా వాణిజ్య ఒప్పందాన్ని ఆపాలన్న చొరవను 2014 సెప్టెంబరులో నమోదే చెయ్యలేదు. నిర్వాహకులు బయటే 30 లక్షలకు పైగా సంతకాలు సేకరించారు. ఆ తిరస్కారం చెల్లదని, ఈయూ న్యాయస్థానంలో కింది అంచె అయిన జనరల్ కోర్టు 2017 మేలో చెప్పింది. అప్పటికి ఆ చర్చలే అటకెక్కాయి.

సందేహాల సంచి:

అంటే 14 లక్షల సంతకాలకు ఉత్తరం ఒకటి, నాలుగు పేజీల లెక్కకు ఒక బోర్డు తనిఖీ. తలకిందులుగా ఉందే! కోర్టులో నిలబడే జవాబు రాబట్టే దారి నిజంగా ఎక్కడైనా ఉందా, లేక అదీ మాటవరసకేనా?

నాలుగో గడి:

ఉంది, రెండు చోట్ల. పత్రాల హక్కు ఒకటి, పర్యావరణ సమీక్ష ఒకటి. రెండూ బోరుకొట్టే పనులే, అందుకే పోస్టర్ల మీద కనిపించవు.

పత్రాల నిబంధన 2001 నాటిది, నంబరు 1049. దరఖాస్తుకు కారణం చెప్పక్కర్లేదు, రుసుము లేదు, 24 అధికార భాషల్లో దేనిలోనైనా రాయొచ్చు. 15 పనిదినాల్లో జవాబివ్వాలి. కాదంటే మరో 15 పనిదినాల్లోపు మళ్లీ పరిశీలించమని అడగాలి. దానికి ఇంకో 15 పనిదినాలు, అరుదుగా పొడిగింపు. అసలు జవాబే రాకపోతే? మౌనాన్ని తిరస్కారం కిందే లెక్కేస్తారు. సంఘాలు ఇక్కడే గడువు పోగొట్టుకుంటాయి. "ఇంకా చూస్తున్నాం" అన్న మర్యాదపూర్వక ఈమెయిళ్లు నమ్మి కూర్చుంటే కోర్టుకెళ్లే రెండు నెలలు కరిగిపోతాయి.

దరఖాస్తు రాసే తీరులోనే సగం గెలుపుంది. "ఫలానా చట్టానికి సంబంధించిన అన్ని పత్రాలూ" అని అడిగితే, చాలా పెద్దది కాబట్టి తగ్గించుకుందామా అని బేరానికి పిలుస్తారు, నెలలు గడుస్తాయి. సమావేశం తేదీ, ఏ విభాగం, ఎలాంటి పత్రం (అజెండా, మినిట్స్, హాజరుపట్టీ) అని ముక్కలు చేసి మూడు వేర్వేరు దరఖాస్తులు పెట్టండి. ఒకటి ఆగినా మిగతావి కదులుతాయి. కాదంటే ఏ పేరాలు ఇవ్వలేరో చెప్పి మిగతాది ఇవ్వమని మొదటి ఉత్తరంలోనే రాయాలి. పాక్షికంగా ఇవ్వడం వాళ్ల బాధ్యత.

దీనికి ప్రజాస్వామ్యంతో సంబంధమేంటంటారా? ఈయూ చట్టాల్లో ఎక్కువ భాగం తేలేది త్రైపాక్షిక చర్చల్లో. పార్లమెంటు, మంత్రుల మండలి, కమిషన్‌ల నుంచి కొద్దిమంది తలుపులు మూసుకుని కూర్చుంటారు. వాళ్ల ముందుండేది నాలుగు గడుల పట్టిక. మొదటి గడిలో కమిషన్ ప్రతిపాదన, రెండోదాంట్లో పార్లమెంటు మాట, మూడోదాంట్లో మండలి మాట, నాలుగోదాంట్లో కుదిరిన రాజీ. ఊహకో వరస తీసుకుందాం: అమలు గడువు. కమిషన్ ఆరు నెలలంది, పార్లమెంటు మూడంది, మండలి పన్నెండంది. నాలుగో గడిలో "తొమ్మిది నెలలు, చిన్న సంస్థలకు వర్తించదు" అని ఉంటుంది. ఆ "వర్తించదు" అన్నది మొదటి మూడు గడుల్లో ఎక్కడా లేదు! ఎవరు అడిగారు, ఎప్పుడు చేరింది? ఓటింగు దాకా ఎవరికీ తెలియదు, ఓటింగులో ఒక్క వరస విడదీసి తిరస్కరించడం దాదాపు అసాధ్యం.

ఆ నాలుగో గడిని, చర్చలు నడుస్తుండగానే, ఇవ్వనని పార్లమెంటు మొండికేస్తే డి కాపితాని అనే పౌరుడు కోర్టుకెళ్లాడు. చర్చలు నడుస్తున్నంత మాత్రాన గంపగుత్తగా దాచిపెట్టే హక్కు లేదని 2018 మార్చిలో జనరల్ కోర్టు తీర్పిచ్చింది. పదో అధికరణం చెప్పే ప్రాతినిధ్య ప్రజాస్వామ్యం కూడా ఈ కాగితం బయటికొస్తేనే పనిచేస్తుంది. తన ఎంపీ దేనికి ఒప్పుకున్నాడో తెలియని ఓటరు, వచ్చే ఎన్నికల్లో ఏం చూసి ఓటేస్తాడు? సందేహాల సంచి గారు రెండు అధికరణాల్నీ పోటీగా పెట్టారు గానీ, ఇక్కడ పదకొండోది పదోదానికి కూలిపని చేస్తోంది.

కోర్టుకి వెళ్లే స్తోమత లేకపోతే, ఈయూ సంస్థల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్. ఉచితం, లాయరు అక్కర్లేదు, విషయం తెలిసిన రెండేళ్లలోపు ఫిర్యాదు చెయ్యాలి. ఆ సిఫారసు కట్టుబడాల్సింది కాదు. ఒక షరతు మనసులో పెట్టుకోండి: కోర్టులో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ చూడరు, అంబుడ్స్‌మన్ దగ్గర నడుస్తోందని కోర్టు గడువు ఆగదు. రెంటిలో ఒకటే ఎంచుకోవాలి.

పర్యావరణ సమీక్ష కొంచెం లోతైన విషయం. మామూలుగా ఈయూ నిర్ణయం మీద సంఘం నేరుగా కోర్టుకెక్కడం కుదరదు. 1963 నాటి ప్లౌమన్ తీర్పు ప్రకారం, ఆ నిర్ణయం మిగతా లోకమంతటికన్నా నిన్ను విడిగా, వ్యక్తిగతంగా తాకాలి. నది అందరిదీ కాబట్టి నదిని పాడుచేస్తే ఎవరికీ విడిగా తాకదు, కాబట్టి ఎవరూ అడగలేరు. తమాషా లెక్క! పర్యావరణ విషయాల్లో జనానికి సమాచారం, కోర్టుకెళ్లే హక్కు ఉండాలనే ఆర్హుస్ ఒప్పందం (1998లో సంతకాలు, 2001లో అమలు) ఒత్తిడితో ఈయూ 2006లో ఒక పక్కదారి తెరిచింది. లాభాపేక్ష లేని, స్వతంత్రమైన, పర్యావరణమే ప్రధాన ఉద్దేశంగా రెండేళ్లకు పైగా నడుస్తున్న సంఘం, నిర్ణయాన్ని మళ్లీ సమీక్షించమని ఆ నిర్ణయం తీసుకున్న సంస్థనే అడగొచ్చు. 2021 సవరణ తర్వాత, అలా అడగడానికి గడువు 8 వారాలు. జవాబు 16 వారాల్లో, ఎంత ఆలస్యమైనా 22 దాటకూడదు. ఆ జవాబు మీద కోర్టుకెళ్లొచ్చు.

ఇందులో బెడిసికొట్టే చోట్లు: సంఘం నియమావళిలో "పర్యావరణం" అన్న మాట లేకుండా "గ్రామీణాభివృద్ధి" అని మాత్రమే ఉండటం, ఏ చట్టంలోని ఏ నిబంధనను ఉల్లంఘించారో చెప్పకుండా విధానం తప్పని వాదించడం. పైగా సమీక్ష అభ్యర్థనలో ఎత్తని అంశాన్ని తర్వాత కోర్టులో ఎత్తనివ్వరు. కాబట్టి లాయరు ఖర్చు చివర్లో కాదు, ఆ 8 వారాల్లోనే పెట్టాలి.

సంఘం లేని మామూలు జనానికి కూడా 2023 ఏప్రిల్ చివర్నుంచి ఈ దారి తెరిచారు: కనీసం ఐదు దేశాల నుంచి 4,000 మంది, ఒక్కో దేశం నుంచి కనీసం 250 మంది చొప్పున. 10 లక్షల పక్కన ఈ 4,000 పెట్టి చూడండి. అక్కడ వచ్చేది ఉత్తరం, ఇక్కడ వచ్చేది కోర్టు గుమ్మం.

తూకంరాయి:

పై ముగ్గురూ చెప్పింది సరైనదే గానీ, మూలప్రశ్న నుంచి మెల్లగా జారుకున్నారు. ఈ దారులన్నీ వాడగలిగేదెవరు? బ్రస్సెల్స్‌లో ఆఫీసు, నెలజీతం లాయరు ఉన్నవాళ్లు.

ఒక గొడుగు సంఘం అభిప్రాయపత్రం ఎలా తయారవుతుందో దగ్గర్నుంచి చూడండి. 12 వారాల గడువులో మొదటి నాలుగైదు వారాలు సెక్రటేరియట్ ఉద్యోగులు చదవడానికి, ముసాయిదా రాయడానికి పోతాయి. అది ఇంగ్లీషులో ఉంటుంది. ఇరవై, ముప్పై జాతీయ సంఘాలకు ఈమెయిల్‌లో వెళ్తుంది, ఓ పది రోజుల్లో వ్యాఖ్యలు పంపమని. ఆ జాతీయ సంఘంలో ఇంగ్లీషు బాగా వచ్చిన ఒకరో ఇద్దరో చదివి "మా దేశంలో ఇది ఒప్పుకోరు" అని రెండు వాక్యాలు తీయిస్తారు. అందరికీ అభ్యంతరం లేని నీళ్లపులుసు మిగులుతుంది. కింద జిల్లా శాఖ సభ్యుడికి ఆ పత్రం ఉందని కూడా తెలియదు. కానీ ముఖపత్రం మీద "ఇన్ని లక్షల మంది సభ్యుల తరఫున" అని ఉంటుంది. ఈ వాక్యం దగ్గరే నా పేచీ. ఆ లక్షల మంది లెక్క తీసేసి "మాకు ఈ విషయం తెలుసు, ఇదిగో ఆధారం" అంటే నిజాయతీగా ఉంటుంది.

అధికారిక వేదికల్లోనూ ఇదే పరిస్థితి. 1957 రోమ్ ఒప్పందం నుంచీ ఉన్న, ఈయూకి సలహాలిచ్చే ఆర్థిక సామాజిక కమిటీలో ఇప్పుడు 329 మంది. యజమానులు, కార్మికులు, పౌర సంఘాలు అని మూడు గుంపులు. పేర్లు పంపేది ప్రభుత్వాలు, ఐదేళ్లకు నియమించేది మంత్రుల మండలి. వాళ్ల అభిప్రాయం అడగడం కొన్ని విషయాల్లో తప్పనిసరి, పాటించడం ఎప్పుడూ తప్పనిసరి కాదు.

డబ్బు విషయానికొస్తే, ఆఫ్రికన్ యూనియన్ దీన్ని ఉల్టా పరిష్కరించాలని చూసింది. అక్కడి ఆర్థిక సామాజిక సాంస్కృతిక మండలిలో 150 సంఘాలకు చోటు. 2005లో మొదలైనప్పుడు తొలి అధ్యక్షురాలు కెన్యా పర్యావరణ ఉద్యమకారిణి వంగారి మాథాయ్. చేరాలంటే సంఘం మూల నిధుల్లో కనీసం సగం సభ్యుల చందాల నుంచే రావాలి. కాగితం మీద అందంగా ఉంది: జనం జేబులోంచి డబ్బు తీస్తున్నారంటే వాళ్ల సంఘమే. ఆచరణలో ఏమైంది? మానవ హక్కుల సంఘాల్లో చాలావాటిని నడిపేది విదేశీ దాతలే కాబట్టి వాటికి గుమ్మంలోనే చుక్కెదురు. ప్రభుత్వానికి ఇబ్బంది పెట్టేవాళ్లు బయట, పెట్టనివాళ్లకు లోపల చోటు సులువు. నియమం మంచిదే, దాని నీడ ఎటు పడిందన్నది వేరు.

ఆ ఖండంలోనే ఇంకో సంగతి. ఆరుషాలోని ఆఫ్రికన్ న్యాయస్థానానికి సంఘాలు, వ్యక్తులు నేరుగా వెళ్లాలంటే ఆ దేశం ప్రత్యేకంగా ప్రకటన చెయ్యాలి, ఆ కోర్టును నెలకొల్పిన ప్రోటోకాల్‌లోని అధికరణం 34(6) కింద. ఆ ప్రకటనను రువాండా 2016లో, టాంజానియా 2019లో, బెనిన్, ఐవరీకోస్ట్ 2020లో వెనక్కి తీసుకున్నాయి. సంఘాల చేతికి పదునున్న పరికరం ఇస్తే ఏమవుతుందో అది. ఈయూలో సమీక్ష దారి మూసెయ్యాలంటే చట్టం మార్చాలి, అది ఒక్క దేశం చేతిలో లేదు. కాబట్టి నాలుగో గడి గారి వాదనను నేను కొట్టెయ్యడం లేదు. కానీ "కూలిపని" చేసే కూలీకి జీతమిచ్చేదెవరన్నది అడగాల్సిందే.

పక్కగీత:

అడగండి, తప్పులేదు. ఈయూ నిర్ణయాల మీద ప్రభావం చూపాలనుకునే సంఘాలు, కంపెనీలు తమ వివరాలు నమోదు చేసే పారదర్శకత రిజిస్టరు ఉన్నది అందుకే. 2011లో పార్లమెంటు, కమిషన్ కలిసి పెట్టాయి, 2021 ఒప్పందంతో మండలి కూడా చేరింది. ఏ సంఘం పేరైనా కొట్టి మొత్తం బడ్జెట్, ఈయూ గ్రాంటు, నిధుల మూలాలు చూడొచ్చు. అంకెలు సంఘమే నింపుతుంది, కాబట్టి వాటిని కమిషన్ ప్రకటించే గ్రాంటుల జాబితాతో పోల్చి చూడాలి. రెండూ కలవకపోతే చాలాసార్లు కారణం మోసం కాదు, ఆర్థిక సంవత్సరాల తేడా: అక్కడ మంజూరైన ఏడాది, ఇక్కడ ఖర్చైన ఏడాది.

ఈయూ డబ్బు తీసుకున్న సంఘం ఈయూని పొగుడుతుందన్న లెక్క అన్నిచోట్లా కుదరదు. పర్యావరణ సంఘాల్లో లైఫ్ అనే ఈయూ పర్యావరణ నిధుల కార్యక్రమం నుంచి గ్రాంటు తీసుకుంటూనే కమిషన్ మీద కేసులు వేసేవి ఉన్నాయి. ఈయూ నిధులు మొత్తం ఆగిపోతే వాటి చోటు ఖాళీగా ఉండదు. అదే గదిలో, అదే ఫైలు మీద, పరిశ్రమల సంఘాలు సొంత ఖర్చుతో అప్పటికే కూర్చుని ఉంటాయి. నేను చూసేది డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందనే కాదు, గ్రాంటు ఒప్పందంలో ఏ పని రాసుకున్నారని. "ఫలానా సవరణకు ఓటేయించాలి" అని పనిపట్టికలో ఉంటే అది నిజంగా తప్పు. "ఫలానా చట్టం అమలును గమనించాలి" అని ఉంటే కాదు. ఆ పనిపట్టిక కూడా 1049 కింద అడగొచ్చు.

"లక్షల మంది తరఫున" అన్న వాక్యం మీద మాత్రం తూకంరాయి గారితో ఏకీభవిస్తాను. దాన్ని చూసి ఏ అధికారీ బెదరడు.

సంతకాల లెక్క:

నా పోస్టుకు చిన్న సవరణ. జర్మనీ 69,120, మాల్టా 4,320 అని రాశాను. అవి 720 సీట్ల పార్లమెంటు ఏర్పడ్డ 2024 జులై తర్వాత నమోదైన చొరవలకు. నమోదు నాటి సీట్ల సంఖ్యే లెక్క. బ్రిటన్ వెళ్లిపోయాక 705 సీట్లున్న కాలంలో నమోదైనవాటికి జర్మనీ 67,680, మాల్టా 4,230. పాత చొరవ ఏదైనా పట్టిక వేసి చూసేవాళ్లు ముందు నమోదు తేదీ చూసుకోండి.